సంఘానికి ఉత్తరం రాయాల: మెచ్చుకోలు ఎంత, విమర్శ ఎంత?

పెన్నేటిగట్టు
వచ్చే నెల్లో మా చర్చి సంఘం సర్వసభ్య సమావేశం ఉండాది. యువజనులంతా కలిసి ఒక ఉత్తరం ఇయ్యాలనుకుంటాండారు. అడగాల్సినవి మూడు. కానుకల లెక్క నెలనెలా గోడకు అతికించాల. సమాధుల తోటలో కులాల వరసలు పోవాల. స్వస్థత కూటాల్లో "మందులు ఇడిసిపెట్టినా, బాగైనా" అనే సాక్ష్యాలు మైకులో చెప్పించడం ఆపాల. చిత్తు ప్రతి చూసిన పెద్దలు అభిషిక్తుని మీద, అంటే పాస్టరయ్య మీద, నోరు చేసుకోగూడదంటాండారు. ఇదే చిత్తు బయటికి పోతే ఇంకొకరు "చూడండి, వాళ్ళే ఒప్పుకున్యారు, చర్చంటేనే దోపిడీ" అని వాట్సాప్‌లో తిప్పుతారు. రెండూ అన్యాయమే. ఈ సంఘం లేకుంటే మా వీధికి మూడు తరాల కిందట అక్షరం వచ్చేది కాదు. ఆ మాటా ఉండాల, ఈ మూడూ ఉండాల. మెచ్చుకోలు ముందు పెడితే కాకా పట్టినట్టు ఉండాది, వెనక పెడితే కొట్లాడి సమాధానపడినట్టు ఉండాది. ఎట్ల రాయాల?

గుత్తికోట_నీడ
ప్రకటన గ్రంథం 2, 3 అధ్యాయాలు ముందర పెట్టుకోండప్పా. ఏడు సంఘాలకు ఏడు ఉత్తరాలు అక్కడే ఉన్నాయి. ఎఫెసుకు రాసింది చూడండి. మొదట వాళ్ళ కష్టం, ఓర్పు, అబద్ధపు అపొస్తలులను పరీక్షించి పట్టుకున్న తెలివి. తర్వాత తప్పు ఒకటే: మొదటి ప్రేమ వదిలినారు. తర్వాత చేయాల్సిన పని: జ్ఞాపకం చేసుకో, మారుమనస్సు పొందు, మొదటి క్రియలు చెయ్. చేయకుంటే ఏమైతుందో కూడా రాసినాడు, దీపస్తంభం తీసేస్తానని. అంత గద్దించినాక 6వ వచనంలో మళ్ళీ ఒక మెచ్చుకోలు, నీకొలాయితుల క్రియలు నీకు అసహ్యం కదా అని. ముందా వెనకా అనే మీ ప్రశ్నకు జవాబు అదే. ఎక్కడ నిజమో అక్కడ పెట్టినాడు.

ఇంకొకటి. ఏడింటికీ సమానంగా పంచలేదు. స్ముర్న, ఫిలదెల్ఫియ సంఘాలకు గద్దింపు లేదు. లవొదికయకు మెచ్చుకోలు లేదు. సగం సగం ఉంటేనే న్యాయం అనుకోవద్దు.

కోయిర్_తబలా
అభిషిక్తుని ముట్టకూడదు అనే వచనానికి జవాబు ఏం చెప్పాల? ప్రతి మీటింగులో అదే ఆయుధం.

గుత్తికోట_నీడ
అది 105వ కీర్తన 15వ వచనం. సందర్భం అబ్రాహాము, ఇస్సాకు, యాకోబు. దేశం కాని దేశంలో తిరుగుతున్న వాళ్ళను కొట్టొద్దని దేవుడు రాజులను హెచ్చరించిన మాట. లెక్కలు అడగొద్దని కాదు. దావీదు, సౌలు సంగతి తెస్తారు, అది ఇంకా బాగా పనికొస్తుంది. 1 సమూయేలు 24 చదవండి. దావీదు కత్తి ఎత్తలేదు, నిజమే. కానీ సౌలు గుహలోంచి బయటికొచ్చినాక వెనక నుంచి పిలిచి, కోసిన బట్ట చెంగు చూపించి, నన్నెందుకు తరుముతున్నావని నిలదీసినాడు. చెయ్యి ఎత్తకపోవడం, నోరు ఎత్తడం రెండూ చేసింది ఒకే మనిషి.

పాతకడప_లెక్కలు
అపొస్తలుల కార్యములు 6 కూడా. గ్రీకు మాట్లాడే విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనంలో అన్యాయం జరుగుతోందని ఫిర్యాదు వచ్చింది. అపొస్తలులు ఫిర్యాదు చేసినోళ్ళను వెలివేయలేదు, ఏడుగురిని ఏర్పాటు చేసినారు. సంఘంలో పంపకాలు చూసే బాధ్యత పుట్టిందే ఒక ఫిర్యాదు నుంచి.

సండేస్కూల్_అక్క
ఒక్క మాట. మత్తయి 18లో మెట్లు ఉన్నాయి కదా. మొదట ఒంటరిగా చెప్పు, వినకుంటే ఇద్దరు ముగ్గురితో పో, అప్పటికీ వినకుంటే సంఘానికి చెప్పు. నేరుగా సమావేశంలో ఉత్తరం చదివితే మొదటి రెండు మెట్లు దాటేసినట్టు కాదా?

బురుజుకాడ
ఆ మెట్లు "నీ సహోదరుడు తప్పు చేస్తే" అనే దానికక్కా. ఇద్దరి మధ్య గొడవకు. అందరి డబ్బు సంగతికి 1 తిమోతి 5:19, 20 వర్తిస్తుంది. పెద్ద మీద ఫిర్యాదు ఇద్దరు ముగ్గురు సాక్షులు లేకుండా తీసుకోవద్దు, తప్పు రుజువైతే అందరి ఎదుట గద్దించు. మొదటి సగం పాస్టరుకు కాపు, రెండో సగం సంఘానికి. అంతియొకయలో పేతురును పౌలు నిలదీసింది కూడా అందరి ముందరే, గలతీ 2:14.

సండేస్కూల్_అక్క
రుజువైతే అని ఉంది కదా. మీరు చెప్పే మూడింటిలో ఇంకా ఏదీ రుజువు కాలేదు. అందుకే ముందు పాస్టరయ్యకు, కార్యదర్శికి ఒక కాపీ ఇచ్చి వారం టైమివ్వండి. సభలో అకస్మాత్తుగా తీస్తే మంచి మనిషి కూడా బిగుసుకుంటాడు.

పెన్నేటిగట్టు
అక్క మాట సబబే. కాపీ ముందే ఇస్తాం. వారం కాదు, పది దినాలు.

పాతకడప_లెక్కలు
ఇంక లెక్కల సంగతి. "లెక్కల్లో పారదర్శకత కావాల" అని రాస్తే ఎవరికీ ఏమీ అర్థం కాదు, సరే అని తీర్మానం చేసి పక్కన పెడతారు. ఏం కావాలో విడివిడిగా అడగండి.

ఆదివారం కానుకల సంచి: ఆరాధన అయిన అరగంటలో, ఆ గదిలోనే లెక్కపెట్టాల. ఇద్దరు ఉండాల, ఆ ఇద్దరూ చుట్టాలు కాగూడదు, పాస్టరు ఇంటోళ్ళు కాగూడదు. 500 నోట్లు ఎన్ని, 200 ఎన్ని, 100 ఎన్ని, చిల్లర ఎంత అని చీటీ రాయాల. ఇద్దరి సంతకం, కోశాధికారి సంతకం. సోమవారం బ్యాంకులో అంతకు అంతే కట్టాల. అందులోంచి పాలకు, పెట్రోలుకు తీసి మిగిలింది కట్టడమే సర్వసాధారణంగా జరిగే తప్పు. దొంగతనం అనే ఉద్దేశం ఉండదు, కానీ చీటీకి, పాస్‌బుక్కుకు పొంతన పోతుంది. మూడు నెలలకు ఎవరికీ ఏదీ గుర్తుండదు. చిల్లర ఖర్చుకు వేరే 2000 చేతిలో పెట్టుకుని, అయిపోయినాక బిల్లులు చూపించి మళ్ళీ తీసుకోవడం పద్ధతి.

క్యూఆర్ కోడ్: ఇది ఇప్పటి చిల్లు. గోడ మీద అతికించిన కోడ్ స్కాన్ చేసి చూడండి, ఎవరి పేరొస్తుందో. సంఘం పేరు రాకుండా మనిషి పేరొస్తే మొదట అది మార్పించండి. ఆ మనిషి ఎంత నిజాయితీపరుడైనా సరే. ఆయన రేపు బదిలీ అయితే ఖాతా ఆయనతోనే పోతుంది, ఖర్మగాలి చనిపోతే ఆ ఖాతాలో సొమ్ము బ్యాంకు ఆయన నామినీకో వారసులకో ఇస్తుంది.

ప్రత్యేక నిధులు: మందిరం కట్టడానికని వసూలు చేసింది జీతాలకు వాడటం. తిరిగి వేస్తామంటారు, వెయ్యరు. కట్టడం నిధికి వేరే ఖాతా ఉండాల.

కోత పండగ: దీని గురించి ఎవరూ మాట్లాడరు.

కోయిర్_తబలా
కోత పండగ వేలంపాటలో 40 రూపాయల గుమ్మడికాయ 4000కి పోతుంది, ఆ సంతోషం వేరన్నా.

పాతకడప_లెక్కలు
సంతోషమే తమ్ముడూ. పాడినోళ్ళు అందరూ కట్టరు, చిక్కు అక్కడ. పాట ఒక పుస్తకంలో, వసూలు ఇంకో పుస్తకంలో ఉంటుంది. వార్షిక లెక్కలో పాట మొత్తం రాస్తే ఆదాయం ఎక్కువ కనిపిస్తుంది, డబ్బు మాత్రం ఉండదు. "తిన్నారు" అనే మాట ఇక్కడ పుడుతుంది, చాలాసార్లు తినరు, రాలేదంతే. పాట పాడిన మొత్తం, వసూలైంది, రావాల్సింది అని మూడు గడులు పెడితే సగం అనుమానాలు పోతాయి. పేర్లు మాత్రం గోడకు ఎక్కించొద్దు, బీదోళ్ళు ఉత్సాహంలో పాడి ఉంటారు.

2 కొరింథీ 8:20, 21 ఉత్తరంలో తప్పకుండా రాయండి. యెరూషలేముకు చందా పంపేటప్పుడు పౌలు తానొక్కడే మోయలేదు, తీతుతో పాటు సంఘాలు మెచ్చిన ఇంకో సహోదరుణ్ణి పంపినాడు, ఎవరూ నింద వేయకుండా. పౌలుకు లేని నామోషీ మనకెందుకు?

ఆదోని_పత్తి
దేవుడి మీద నమ్మకం లేనివాణ్ణి, అది ముందే చెప్పి రాస్తున్నా. ఉత్తరంలో మెచ్చుకోలు భాగం జాగ్రత్త. బడి పెట్టినారు, ఆస్పత్రి పెట్టినారు అని రాస్తారు. అవి మతం మార్చడానికి ఎరలు కదా? కరువులో గంజి పోసి బాప్తిస్మం ఇచ్చిన చరిత్ర ఉంది.

కుందూ_వాగు
ఆ అనుమానం ఆ కాలం మిషనరీలకే ఉంది. 1876-78 కరువు మన కడప, కర్నూలు, బళ్ళారి జిల్లాలను తుడిచిపెట్టింది. ఒంగోలు వైపు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ ఏం చేసినాడంటే, బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పని గుత్తకు తీసుకుని కూలి ఇచ్చినాడు. కరువు సాయం జరిగినన్నాళ్ళు బాప్తిస్మాలు ఆపేసినాడు. గంజి కోసం వచ్చినోళ్ళు ఎవరో, నమ్మి వచ్చినోళ్ళు ఎవరో తెలియదని. సాయం ఆగినాక 1878 జులై 3న ఒక్క రోజే 2222 మందికి గుండ్లకమ్మ ఏట్లో బాప్తిస్మం ఇచ్చినారు. కరువు గంజికి వచ్చినోళ్ళే అయితే గంజి ఆగినాక ఎందుకొస్తారు?

ఆదోని_పత్తి
ఆపినాడన్నది సరే, ఒప్పుకుంటా. కానీ సాయం చేసిన చెయ్యి గుర్తుండి వచ్చినోళ్ళు ఉండరా? ఒక్క రోజులో 2222 మందికి ఏం బోధించి ఉంటారు?

కుందూ_వాగు
ఆ రెండో ప్రశ్న సరైనదే, ఆ కాలం మిషన్ లోపలే దాని మీద వాదన జరిగింది. పల్లెపల్లెకు ఉపదేశకులు చాలక, పేరుకు క్రైస్తవులై నిలిచిపోయినవాళ్ళు ఉన్నారు. అదీ రాయొచ్చు. కానీ "ఎర" అనే ఒక్క మాటలో వచ్చినోళ్ళ తెలివిని కూడా తీసేస్తున్నారు. ఊరి బావి దగ్గరికి రానియ్యని మనిషికి, నువ్వూ కూర్చో, నీ బిడ్డా చదువుతాడు అనే మాట వినిపించింది. లెక్క వేసుకుని వచ్చినా, అది తనకు తాను వేసుకున్న లెక్క.

నల్లమల_దారి
ఈ ఒక్క ముక్క కోసం దండం పెడతా. మాల మాదిగ పేటల్లో తాతలు "మోసపోయినోళ్ళు" అని ఎవరెవరో రాస్తుంటే చదవలేకపోతున్నాం.

కుందూ_వాగు
మెచ్చుకోలు ఎట్ల రాయాలో చెప్తా. "మిషనరీలు ఎంతో సేవ చేశారు" అని రాయొద్దు. అది పండగ ప్రసంగం. పేరు, ఊరు, కాలం పెట్టండి. జమ్మలమడుగులో క్యాంప్‌బెల్ ఆస్పత్రి 1890ల్లో లండన్ మిషన్ డాక్టరు మొదలుపెట్టినాడు. కర్నూల్లో కోల్స్ స్కూలు అమెరికన్ బాప్టిస్టులది. నంద్యాల వైపు, ముత్యాలపాడు వైపు ఎస్పీజీ అనే ఆంగ్లికన్ మిషన్ వాళ్ళు. తెలుగులో అచ్చైన మొదటి సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో వచ్చినాయి, విశాఖపట్నం లండన్ మిషన్ వాళ్ళ అనువాదం, దాంట్లో ఆనందరాయరు అనే తెలుగు పండితుడి చెయ్యి ఉంది. ఈ పేరు ఎందుకు చెప్తున్నానంటే, మెచ్చుకోలు రాసేటప్పుడు దొరలనే మెచ్చి మనోళ్ళను మరిచిపోతాం. పల్లెల్లో రాత్రిబడి నడిపింది ఉపదేశులు, ఇంటింటికీ పోయి బైబిల్ చెప్పిన బైబిల్ స్త్రీలు. మీ సంఘం పాత రిజిస్టర్లలో వాళ్ళ పేర్లు ఉంటాయి, వెతికి రాయండి.

బురుజుకాడ
అనంతపురంలో విన్సెంట్ ఫెర్రర్ పెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు) ఆస్పత్రులు కూడా వేయొచ్చు కదా?

కుందూ_వాగు
వద్దు. విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చినాడు, 1970లో జెసూట్ సభ నుంచి బయటికొచ్చినాడు. ఆ సంస్థ మతంతో పనిలేకుండా నడిచేది. మనది కాని మేలు మన ఖాతాలో రాసుకుంటే, మనదైన మేలు కూడా నమ్మరు.

గుత్తికోట_నీడ
నిజం. 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) పుట్టినప్పుడు ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసినారు. బిషప్పులు ఉన్న సంఘమూ లేని సంఘమూ ఒకటి కావడం ప్రపంచంలో అదే మొదలు. అది రాయండి, మన ప్రాంతం గర్వపడాల్సింది.

కుందూ_వాగు
రాయండి, కానీ నంద్యాల అప్పుడు కలవలేదని కూడా రాయండి. ఆంగ్లికన్ పద్ధతి పోతుందని ఎస్పీజీ సంఘాలు బయటే ఉన్నాయి, 1975లో కలిసినాయి. మళ్ళీ అదే నంద్యాల అధ్యక్షఖండం (బిషప్పు కిందుండే ప్రాంతం) 2013 సెప్టెంబరులో సీఎస్ఐలో మొట్టమొదటి స్త్రీ బిషప్పును, ఈ. పుష్పలలిత గారిని చూసింది. చివరగా వచ్చి చేరిన చోటే ఆ పని ముందు జరిగింది.

సండేస్కూల్_అక్క
బిషప్పు దాకా పోయింది, పాస్టరేట్ కమిటీలో మాత్రం స్త్రీల సమాజం నుంచి ఒకరిద్దరే. వాళ్ళకిచ్చే పని ప్రేమవిందు వంట. మీ ఉత్తరంలో నాలుగోది ఇది చేర్చండి: లెక్క పెట్టే ఇద్దరిలో ఒకరు స్త్రీ ఉండాల. చీటీ చందాలు, పొదుపు సంఘాలు నడిపే ఆడవాళ్ళు ప్రతి సంఘంలో ఉన్నారు. నోట్లు లెక్కపెట్టడం వాళ్ళకు కొత్త కాదు.

పాతకడప_లెక్కలు
నా పోస్టులో ఇది రాయకపోవడం లోపం. చేర్చండి.

మరియాపురం_గంట
కథోలికుల వైపు నుంచి. మీ దగ్గర వచనాలు ఉన్నాయి, మా దగ్గర చట్టం కూడా ఉంది. 1983 కానన్ చట్టం, అంటే కథోలిక సంఘ చట్టం, 212 మూడో భాగం: తమ అభిప్రాయం కాపరులకు చెప్పే హక్కు విశ్వాసులకు ఉంది, కొన్నిసార్లు అది బాధ్యత కూడా. 537: ప్రతి విచారణకు, అంటే ఒక ఫాదర్ కిందుండే ఊరి సంఘానికి, ఆర్థిక మండలి ఉండి తీరాల. 1287 రెండో భాగం: విశ్వాసులు ఇచ్చిన కానుకల లెక్క విశ్వాసులకు చెప్పాల. చాలా విచారణల్లో ఆర్థిక మండలి కాగితం మీదే ఉంటుంది. అడిగితే "ఫాదర్ గారి మీద నమ్మకం లేదా" అంటారు. నమ్మకంతో పనేముంది, చట్టం అడుగుతోంది అని మర్యాదగా కానన్ నంబరు చెప్పండి. గొంతు పెంచక్కర్లేదు.

నల్లమల_దారి
కులం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. కర్నూలు మేత్రాసనానికి 2008 నుంచి 2020 దాకా బిషప్పుగా ఉండి, తర్వాత హైదరాబాదు ఆర్చిబిషప్పు అయిన పూల ఆంతోనీ గారు 2022 ఆగస్టులో కార్డినల్ అయినారు. దళితుల నుంచి మొదటి కార్డినల్. మన నేల మనిషి. కర్నూలు, కడప రెండూ పండగ చేసుకోవాల్సిందే. అదే సమయంలో చూడండి, భారత కథోలిక బిషప్పుల సమాఖ్య 2016లో దళితుల సాధికారత విధానం తెచ్చినప్పుడు సంఘం లోపలే వివక్ష ఉందని ఒప్పుకుంది. ప్రొటెస్టెంట్లలో ఎంతమంది ఒప్పుకున్నారు? లండన్ మిషన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ. ఒకే బైబిల్, ఒకే కీర్తనల పుస్తకం, పెళ్ళి సంబంధం మాత్రం దాటదు.

సమాధుల తోటకు ఏం అడగాలో రాస్తా, దీంట్లో మెలికలు ఉన్నాయి. "కులభేదం లేకుండా పూడ్చాల" అని తీర్మానం చేస్తే సరిపోదు. ప్రతి ఒక్కరూ ఔనంటారు, తర్వాత "మా నాయన పక్కన" అంటారు. అక్కడ మళ్ళీ పాత వరసే. అందుకే:

తోట కొలిపించి పటం గీయించండి. గుంతకు 7 అడుగులు, 3 అడుగులు, నడవటానికి సందు రెండడుగులు. వరసకు అంకె, గుంతకు అంకె. తీర్మానం తేదీ నుంచి చనిపోయిన తేదీ వరసనే తర్వాతి గుంత. ఎంచుకోవడం ఎవరికీ లేదు, పాస్టరుకూ లేదు. కుటుంబానికని స్థలం ముందుగా పట్టి పెట్టడం రద్దు. సిమెంటు కట్టడం ఒక ఎత్తు దాటగూడదు, లేకుంటే డబ్బున్నోళ్ళు నాలుగు గుంతల జాగా తింటారు. పాత సమాధులు కదిలించే మాట ఎత్తొద్దు. అట్ల తవ్వడానికి అధికారుల అనుమతి కావాల, పైగా ఊరంతా మీ మీద తిరగబడుతుంది. పాతవి ఉన్నచోటే ఉంటాయి, కొత్త వరస కలిసి ఉంటుంది.

కోయిర్_తబలా
భార్యాభర్తలను పక్కపక్కన పెట్టమంటే?

నల్లమల_దారి
అదొక్కటే మినహాయింపు ఇవ్వండి, అది కూడా అదే గుంత మీద రెండో అంతస్తుగా. మొదటిది లోతుగా, 7 అడుగులు తవ్వితే వీలవుతుంది. పక్క స్థలం వదిలిపెడితే మళ్ళీ రిజర్వేషను మొదలు.

బురుజుకాడ
కులం అనగానే ఇంకో చిక్కు. సభ్యుల రిజిస్టరు. 1950 ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా మొదట హిందువులకే, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఇచ్చినారు. క్రైస్తవంలోకి పోయిన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సీ, ఒక్క శాతం రిజర్వేషను. రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లో ఆ మత నిబంధన తీసేయమంది, కేంద్రం తీయలేదు. అందుకని బాప్తిస్మం తీసుకున్నా రిజిస్టరులో పేరు వద్దనేవాళ్ళు ఉంటారు. రిజిస్టరులో లేకుంటే సర్వసభ్య సమావేశంలో ఓటు లేదు. అంటే లెక్క అడగాల్సిన బీదోడికే అడిగే హక్కు పోతుంది. పెత్తనం కుల సర్టిఫికెట్ పోతుందనే భయం లేనోళ్ళ చేతిలో మిగులుతుంది. వాళ్ళను పిరికోళ్ళని తిట్టే ప్రసంగాలు మానమని ఉత్తరంలో ఒక వాక్యం రాయండి. బిడ్డ చదువు, ఉద్యోగం మీద వేలాడే సంగతి అది.

ఆదోని_పత్తి
దీంట్లో తప్పు చర్చిది కాదు, చట్టానిది. నమ్మకం లేనోడిగా చెప్తున్నా.

తెల్లకోటు_నర్సమ్మ
స్వస్థత కూటాల గురించి. ప్రార్థన తప్పని ఎవరూ అనడం లేదు. యాకోబు 5:14లో నూనె రాసి ప్రార్థించమని ఉంది. ఎక్కడా మందు మానమని లేదు. లూకా వైద్యుడు. తిమోతి కడుపు జబ్బుకు పౌలే వైద్యం చెప్పినాడు.

ఏం జరుగుతుందో చెప్తా. టీబీకి ఆరు నెలల మందు. మొదటి నెలల్లోనే జ్వరం, దగ్గు తగ్గుతాయి. అప్పుడు కూటంలో "బాగైంది" అని సాక్ష్యం. మాత్రలు ఆపితే మిగిలిన క్రిములు ముదురుతాయి, తర్వాత పాత మందులకు లొంగవు, ఇంట్లో చిన్న బిడ్డలకు అంటేది ఆ మొండి రకమే. ఫిట్స్ మాత్రలు ఒక్కసారి ఆపితే ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం పోవచ్చు. చిన్నప్పుడే షుగరు వచ్చిన పిల్లలకు ఇన్సులిన్ ఆపితే రోజుల్లోనే స్పృహ తప్పుతుంది. బీపీ మాత్ర ఆపినోళ్ళకు ఏమీ తెలియదు, పక్షవాతం వచ్చేదాకా. మతిస్థిమితం లేనోళ్ళను దయ్యమని గొలుసులు వేసి కూటానికి తెస్తారు, గొలుసు వేయడం 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం నిషేధం. ప్రభుత్వ మానసిక ఆరోగ్య నంబరు 14416కు ఫోన్ చేస్తే మాట్లాడతారు.

ఉత్తరంలో నిషేధించమని అడగొద్దు, ఎవరూ ఒప్పుకోరు. నియమం అడగండి. లూకా 17లో పదిమంది కుష్ఠరోగులకు ప్రభువు ఏం చెప్పినాడు? పోయి యాజకులకు చూపించుకోండి అన్నాడు. ఆ కాలంలో చర్మం చూసి బాగైందని నిర్ధారించేది యాజకుడు. ఇప్పుడు ఆ పని డాక్టరుది. కాబట్టి డాక్టరు కాగితం చూసినాకే మైకు. ప్రతి కూటం మొదట్లో, చివర్లో ఒకే మాట చదవాల: "డాక్టరు ఆపమనేదాకా ఎవరూ మందు ఆపొద్దు." చదివేది పాస్టరయ్యే అయితే పదింతలు పనిచేస్తుంది.

మెచ్చుకోలు కూడా చెప్తా, ఇది ఎవరూ రాయలేదు. వార్డులో ఎవరూ లేని రోగి దగ్గరికి వచ్చి పేరు పెట్టి పలకరించేది ఎక్కువగా సంఘం ఆడవాళ్ళు. ఏ మతమోడైనా సరే పాలు, బ్రెడ్డు పెడతారు, రక్తానికి యువజనులను తెస్తారు. మన దిక్కు మొదట్లో నర్సింగుకు వచ్చినోళ్ళలో ఎక్కువమంది క్రైస్తవ ఆడపిల్లలే, ఊళ్ళు ఆ పనిని చిన్నచూపు చూసిన కాలంలో.

గుత్తికోట_నీడ
కుష్ఠరోగుల వచనం ఇట్ల ఎప్పుడూ చూడలేదమ్మా. ఇది ఉత్తరంలో పెట్టాల్సిందే.

ఆదోని_పత్తి
మైకు అన్నారు కాబట్టి, శబ్దం? రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకరు నిషేధం, 2000 నాటి నియమాలు. ఇళ్ళ మధ్య పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. ప్రభుత్వం ప్రకటించిన చోట ఆస్పత్రి, బడి చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం. సుప్రీంకోర్టు 2000లో తీర్పు ఇచ్చింది మద్రాసు చర్చి ఒకటి వేసిన కేసులోనే, ఇతరుల శాంతి చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదని.

కోయిర్_తబలా
అది అన్ని మతాలకూ వర్తించాలి కదన్నా.

ఆదోని_పత్తి
అందరికీ. కానీ ఈ ఉత్తరం రాస్తున్నది మీ సంఘానికి.

కోయిర్_తబలా
సరే. చేయగలిగింది చెప్తా. బయటికి తిప్పిన హారన్లు దించేసి, లోపల గోడకు నాలుగు చిన్న బాక్సులు పెడితే పాట ఇంకా స్పష్టంగా వినిపిస్తుంది. హారన్లో తబలా మోత పోయి, కీచుమనే శబ్దం మిగులుతుంది. పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలకు రాగం, తాళం ఉన్నాయి, హారన్లో అవన్నీ పాడైపోతాయి. పాటను కాపాడుకోవడానికే దించమని రాస్తే కోయిరంతా సంతకం పెడుతుంది.

సండేస్కూల్_అక్క
పిల్లల సంగతి మరవొద్దు. సండే స్కూల్, సెలవుల బైబిల్ బడి. ఏ పెద్దా ఒక బిడ్డతో మూసిన గదిలో ఒంటరిగా ఉండగూడదు, ఇద్దరు ఉపాధ్యాయులు తప్పనిసరి. బిడ్డ మీద లైంగిక నేరం జరిగితే "సంఘం పరువు" అని లోపలే తేల్చుకుని దాచడం కూడా నేరం. పిల్లల మీద లైంగిక నేరాలకు ఉన్న పోక్సో చట్టం 19వ సెక్షను ప్రకారం పోలీసులకు చెప్పి తీరాల, చెప్పకపోతే శిక్ష ఉంది. పిల్లల సాయానికి ఉన్న 1098 నంబరు గోడ మీద రాయించండి. ఇక్కడ మత్తయి 18 మెట్లు వర్తించవు. పైన ఆ మెట్ల మాట ఎత్తింది నేనే, అందుకే చెప్తున్నా.

మరియాపురం_గంట
ఇది ఆ మూడు కోరికల కిందికి పోగూడదు, మొదటి పేజీలో ఉండాల.

బురుజుకాడ
స్వతంత్ర సంఘాలోళ్ళు చదువుతుంటారు కాబట్టి రెండు ముక్కలు. సొసైటీగా రిజిస్టరైతే 2001 ఏపీ చట్టం కిందికి వస్తుంది. పెత్తనం మీద వివాదం వస్తే 23వ సెక్షను కింద సభ్యుడెవరైనా జిల్లా కోర్టుకు పోవచ్చు. పెళ్ళిళ్ళు చేసే పాస్టరుకు 1872 క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు ఉందా చూడండి. లేకుంటే ఆ సర్టిఫికెట్ పాస్‌పోర్టు దగ్గర, పింఛను దగ్గర ఆగిపోతుంది, ఇబ్బంది పడేది ఆ ఆడపిల్ల. విదేశీ విరాళాలు ఉంటే 2020 సవరణ తర్వాత డబ్బు ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోకే రావాల, ఇంకో సంస్థకు బదిలీ చేయగూడదు, ఏటా డిసెంబరు 31 లోపు లెక్క దాఖలు చేయాల. "విదేశీ డబ్బు" అని అరిచేవాళ్ళకు ఆ దాఖలు కాగితమే జవాబు.

సంఘం స్థలాలకు ఈసీ (అమ్మకాలు, తాకట్లు చూపించే రిజిస్ట్రేషను కాగితం) తీయించండి. కానీ ఒక సంగతి: 11 నెలల అద్దె కాగితాలు మామూలుగా ఎవరూ రిజిస్టరు చేయించరు, అందుకే ఈసీలో కనపడవు. రోడ్డు పక్క దుకాణాలు అట్ల ఏళ్ళ తరబడి తక్కువ అద్దెకు పోతుంటాయి. అద్దె పుస్తకం విడిగా అడగాల.

కుందూ_వాగు
పాస్టరు గురించి ఒక మాట. పెద్ద సంఘాల బిషప్పుల కార్ల గురించి రాసేటప్పుడు పల్లె పాస్టరు మీద ఆ కోపం పడకుండా చూడండి. ఒక్కో మనిషి ఐదారు పల్లెలు మోటారు సైకిలు మీద తిరుగుతాడు. అర్ధరాత్రి చావుకు పోతాడు, తెల్లారి పెళ్ళికి పోతాడు. పాస్టరేట్లు పైకి కట్టాల్సిన వాటా ఆగితే మొదట ఆగేది ఆయన జీతం. లెక్క గోడకెక్కితే ఆయన జీతం ఎన్ని నెలలు బాకీ ఉందో కూడా ఎక్కించండి. చూసి సిగ్గుపడాల్సింది అప్పుడు సభ్యులు.

పెన్నేటిగట్టు
చిత్తు ప్రతి మార్చినాం. మొదటి పేరాలో రాత్రిబడి నడిపిన ఇద్దరు బైబిల్ స్త్రీల పేర్లు, పాత రిజిస్టరులో దొరికినాయి. వెంటనే పిల్లల భద్రత. తర్వాత లెక్కలు, మూడు గడులతో, లెక్కించేవాళ్ళలో ఒక స్త్రీ. పాస్టరయ్య జీతం బాకీ ఆ పేరాలోనే. సమాధుల తోట పటం గీసి జతచేస్తాండాం. కూటాల నియమం లూకా 17తో. హారన్ల సంగతి కోయిర్ పేరుతో. అంతా రెండు పేజీలు. అభిషిక్తుని మాట ఎత్తకుండా వదిలేసినాం, సభలో ఎవరైనా అంటే దావీదు గుహ సంగతి చెప్పడానికి ఒకరిని అనుకున్యాం. బయటికి పోకుండా ఉండాలంటే?

బురుజుకాడ
పోతుంది, ఆపలేరు. బయటోడు చదివినా మొదటి పేరా నుంచి చదవాల్సిందే కదా, భయపడొద్దు. కాగితం మీదే ఇవ్వండి, ఫోన్లో పంపొద్దు. ముక్క కత్తిరించి తిప్పేది ఫోన్లోనే. ప్రతి పేజీకి అంకె వేసి, అడుగున ఇద్దరు సంతకం చేయండి. రెండు కాపీలు తీసుకుపోయి ఒకటి కార్యదర్శికి ఇచ్చి, రెండో దాని మీద అందినట్టు సంతకం, తేదీ వేయించుకోండి.

సండేస్కూల్_అక్క
ఆదివారం ఇవ్వొద్దు. ఆరోజు ఆయనకు నిలబడే తీరిక ఉండదు. మంగళవారం సాయంత్రం ఇంటికి పోయి ఇవ్వండి, పెద్దమనిషి ఒకరిని వెంట తీసుకుపోండి.

పెన్నేటిగట్టు
మంగళవారమే పోతాం అక్కా.